చెల్లె కారు, అక్క ఇన్సూరెన్స్

సిరిసిల్లలో పొద్దున ఆరు కాకముందే సాంచాల చప్పుడు మొదలవుతుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు చెవులు మూసుకుంటారు గానీ, ఆడెపు స్వర్ణలతకు ఆ మరమగ్గాల మోత వినపడకపోతేనే తెల్లారినట్టు ఉండదు. ఆ రోజు కూడా వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గేసి, చాయ్ పొయ్యి మీద పెట్టి, ముందు గదిలో కూర్చుని లంగాలను డజన్ల చొప్పున కట్టలు కడుతోంది. చీరల కింద కట్టుకునే లంగాలు. మూడు కుట్టుమిషన్లు, కుట్టడానికి ఇద్దరు ఆడవాళ్ళు, సరుకు తిప్పడానికి ఒక పాత కారు, అదీ ఆమె వ్యాపారం. వారానికి రెండుసార్లు వెనక సీటు నిండా కట్టలు పేర్చుకుని, తనే నడుపుకుంటూ వేములవాడ, కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు వేసి వస్తుంది.

చాయ్ పొంగేలోపు ఫోన్ మోగింది. కోరుట్లలో ఉన్న చెల్లెలు కల్యాణి వాయిస్ మెసేజ్ పెట్టింది.

"అక్కా, లేచినవా? మన పాత కారు ఇన్సూరెన్స్ శుక్రవారంతోని అయిపోతదని మా ఆయన ఫోన్‌కు మెసేజ్ అచ్చింది. కాయితం ఇంక ఆయన పేరు మీదనే ఉన్నదట గదా. నువ్వు నీ పేరు మీద కొత్తది తీస్కో. గంత పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ దండుగ, థర్డ్ పార్టీ చాలు అంటుండు ఆయన. సరేనా? ఉంట మరి."

స్వర్ణలత ఆ మెసేజ్‌ను మూడుసార్లు విన్నది. మూడుసార్లూ ఆమె చెవికి తగిలింది ఒక్కటే ముక్క: 'గంత పాత బండికి థర్డ్ పార్టీ చాలు.'

"చూసినవా దాని మాట?" అంది, సాంచాల షెడ్డు నుంచి నూలు దులుపుకుంటూ వచ్చిన భర్త రమేశ్‌తో. "వాళ్ళ కొత్త కారుకేమో బంపర్ టు బంపర్ అంట. మన కారుకు థర్డ్ పార్టీ చాలునట."

"ఉన్న మాటనే అన్నది గదనే. అది మొన్న కొన్న కారు, ఇది పదమూడేండ్ల బండి."

"బండి పాతదైతే నడిపే మనిషి గూడ పాతదేనా?"

రమేశ్ చాయ్ గ్లాసు అందుకున్నాడు. ఎనిమిది సాంచాలు నడిపే ఆసామి అతను. ఏ దారం ఎప్పుడు తెగుతుందో చప్పుడును బట్టి చెప్పగలడు. భార్య గొంతులో కూడా ఏదో తెగబోతున్నదని అతనికి అర్థమైంది.

ఆ కారు సంగతి ఇలా జరిగింది. కల్యాణి భర్త దినేశ్‌కు కోరుట్లలో టైల్స్ దుకాణం ఉంది. పది నెలల కింద అతను పెద్ద తెల్ల కారు కొన్నాడు. పైన అద్దం తెరుచుకునే కారు. పాత ఎర్ర కారును షోరూం వాళ్ళకు ఇవ్వకుండా, వాళ్ళు కట్టిన ధరకే స్వర్ణలతకు ఇచ్చాడు. స్వర్ణలత ఊరికే తీసుకోలేదు. లంగాలు కుట్టి కూడబెట్టుకున్న డబ్బు ఒక్కసారే లెక్కపెట్టి చేతిలో పెట్టింది. ఆర్సీ తన పేరు మీదకు మార్పించుకుంది. అయినా తల్లి లసుమవ్వ వాడకట్టంతా ఏమని చెప్పుకుంది? "నా చిన్నబిడ్డ పెద్దబిడ్డకు కారిచ్చింది." బజార్లో ఆ కారు ఆగితే చాలు, తెలిసినవాళ్ళు వంగి లోపలికి చూసి, "ఓ, నువ్వా! కల్యాణి కారు గదా, కల్యాణి అచ్చిందనుకున్న" అనేవాళ్ళు. నలుగురు అలా అన్నప్పుడు స్వర్ణలత నవ్వింది. అయిదో మనిషి నుంచి నవ్వలేకపోయింది.

చెల్లెలంటే ప్రేమ లేక కాదు. కానీ కల్యాణి వాట్సాప్‌లో కొత్త కారు ముందు దిగిన ఫొటో పెడితే స్వర్ణలత దాన్ని వేళ్ళతో పెద్దగా చేసి చూసేది. చెల్లెలి మెడలో కొత్త గొలుసు ఉందా, కారు తలుపు మీద గీత పడిందా అని వెతికేది. గీత కనపడకపోతే ఎందుకో మనసు చిన్నబోయేది. తర్వాత తన మీద తనకే రోత పుట్టేది.

ఆ మధ్యాహ్నమే ఆమె కొత్త బస్టాండు దగ్గరున్న మైసయ్య ఆఫీసుకు వెళ్ళింది. మైసయ్య ఒకప్పుడు సాంచాలు నడిపినవాడే. వెన్ను నొప్పి వచ్చి మానేసి, ఇప్పుడు బండ్ల ఇన్సూరెన్సులు చేస్తున్నాడు. కుర్చీ లాగి కూర్చోకముందే స్వర్ణలత అడిగింది.

"అన్నా, నాకు బంపర్ టు బంపర్ కావాలె."

మైసయ్య ఆర్సీ తీసుకుని, అద్దాలు సవరించుకుని చూశాడు. "చెల్లె, ఇది పదమూడేండ్ల బండి. బంపర్ టు బంపర్ అంటే, దెబ్బ తగిలితే కొత్త సామాన్ల ధర మొత్తం కంపెనే పెట్టుకుంటది. గందుకే గింత వయసు బండ్లకు గది ఇయ్యరు. కొత్త బండ్లకే."

"మా చెల్లె కారుకు ఇచ్చిండ్రు గదా?"

"అది కొత్తది గదమ్మా."

"సరే, బంపర్ టు బంపర్ లేకుంటే మానె. ఫుల్ ఇన్సూరెన్స్ అన్నది రాయి."

"రాయుమంటే రాస్త. గానీ ముందుగాల ఇను." మైసయ్య ఒక కాగితం తిప్పి, దాని వెనక గీత గీశాడు. "నీ బండి ఇయ్యాల లక్షా పదివేలు చేస్తదని కంపెనీ రాసుకుంటదనుకో. బండిని దొంగలు ఎత్తుకపోయినా, కాలి బూడిదైనా గంతకు మించి రాదు. ఇగ చిన్న దెబ్బల ముచ్చట. బంపర్ పలిగింది, మూడు వేలయింది. బంపర్ టు బంపర్ లేదు గనుక ప్లాస్టిక్ సామానుకు సగం ధర కోస్తరు. పదిహేను వందలు మిగిలినయి. అండ్ల మొదటి వెయ్యి నువ్వే పెట్టుకోవాలె. నీ చేతికచ్చేది అయిదు వందలు. దానికోసం ఏడాదికి ఎంత కడుతున్నవో లెక్కేసుకో."

స్వర్ణలత ఆ కాగితాన్ని అతని వైపే తోసేసింది.

"థర్డ్ పార్టీ అంటే వేరే. అది లేకుండ రోడ్డెక్కద్దు. నీ బండి ఒకలకు తాకి కాలిరిగినా, పాణం పోయినా, వాళ్ళకు ఇచ్చేది కంపెనీ ఇస్తది. నీ కారు పోతే పోయేది కారే. అవతలి మనిషికి ఏమన్న అయితే ఇల్లమ్మినా తీరదు. దాంతోపాటు నడిపే నీకు ప్రమాద బీమా, పదిహేను లక్షలది. పక్కన కూసునేటోళ్ళకు గూడ ఇంత కడితే అస్తది. నన్నడిగితే నీకు ఈ మూడు చాలు చెల్లె."

మళ్ళీ ఆ మాటే. చాలు! ఈ లోకంలో అందరికీ తనను చూస్తే 'చాలు' అనే మాటే ఎందుకు గుర్తొస్తుంది?

"క్లెయిమ్ పెట్టకపోతే బోనస్ ఉంటదంట గదా? సగం దాక తగ్గిస్తరట," అంది పట్టుదలగా.

"ఉంటది. గానీ అది బండిది కాదు, మనిషిది. ఇన్నేండ్లు క్లెయిమ్ పెట్టకుండ నడిపింది మీ మరిది. ఆయన కొత్త కారు కొన్నప్పుడు ఆ బోనస్‌ను దానికి మలుపుకున్నట్టున్నడు. రూలే గంత, నీకిద్దామన్నా ఇయ్యరాదు. నువ్వు మొదటి నుంచి..."

"అంటే బోనస్ గూడ వాళ్ళే పట్టుకపోయిండ్రు!"

మైసయ్య 'రూలే గంత' అన్న మాటను ఇంకోసారి చెప్పాడు. అది ఆమె చెవిలో పడలేదు. అసూయ పట్టిన చెవికి సగం మాటే వినపడుతుంది, ఆ సగమూ మండే సగమే.

"పోనీ, ఇది చెప్పు," అన్నాడతను. "కొన్న పద్నాలుగు దినాలల్ల ఇన్సూరెన్స్ కాయితం గూడ పేరు మార్పించుకోవాలె. పది నెలలయింది, ఎందుకు మార్పించలే? ఈ పది నెలలల్ల నీ కారుకు ఏమన్న అయితే ఒక్క రూపాయి అచ్చేది కాదు."

స్వర్ణలత దగ్గర దానికి జవాబుంది, కానీ పైకి చెప్పుకునేది కాదు. పేరు మారాలంటే దినేశ్ సంతకం కావాలి. సంతకం కోసం కోరుట్ల ఇంటికి వెళ్ళి, ఆ తెల్ల కారు పక్క నుంచి నడిచి, సోఫాలో కూర్చుని అడగాలి. దుకాణాలకు సరుకు వేయడానికి ఎన్నోసార్లు కోరుట్ల వెళ్ళింది గానీ, ఆ గడప తొక్కబుద్ధి కాలేదు.

"రేపు ఎల్లుండి చెప్త అన్నా," అని లేచి వచ్చేసింది.

మర్నాడు లసుమవ్వ ఫోన్ చేసింది. మల్యాలలో కొడుకు దగ్గర ఉంటుంది ఆమె. "కల్యాణి నన్ను కొత్త కారుల కొండగట్టుకు తీస్కపోయిందే. ఏసీ గింత సల్లగున్నది, దుప్పటి కప్పుకున్న. నువ్వు గూడ అస్తే బాగుండు," అన్నది అమాయకంగా.

"నాది పాత కారు గదవ్వా. గుట్ట ఎక్కదు," అని స్వర్ణలత ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, రమేశ్‌తో తేల్చి చెప్పింది. "శుక్రవారం పొద్దుగాల కారు తీస్కపోయి వాళ్ళింటి ముందర పెట్టస్త. తాళంచెవి దాని చేతుల పెట్టి బస్సుల అస్త. నాకు ఒకలు విడిచిన కారద్దు."

"మరి సరుకు?"

"బస్సు మీద ఏస్త. ఇంతకుముందు ఏసుకోలేదా?"

"నెత్తి మీద మూటతోని బస్టాండుల కిందపడ్డ సంగతి యాదికి లేదా? స్వర్ణా, చెల్లె మీది కోపాన్ని బతుకుదెరువు మీద తీయకు."

ఆమె కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

శుక్రవారం వచ్చింది. ఇన్సూరెన్స్‌కు అదే ఆఖరి రోజు. స్వర్ణలత వేములవాడ దాటి కథలాపూర్ రోడ్డు పట్టింది. యాసంగి వడ్లు కోతకొచ్చిన కాలం. రైతులు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చారు. మామూలుగా అయితే ఆమె అక్కడ మెల్లగా పోతుంది. ఆ రోజు మాత్రం తోవ పొడుగునా చెల్లెలికి చెప్పబోయే మాటలు లోపల్లోపల కూర్చుకుంటోంది. ఏ మాట ముందు అనాలి, ఏ మాటకు చెల్లెలి మొహం మాడిపోతుంది అని.

కథలాపూర్ దాటాక, ఎదురుగా వస్తున్న ఒక టీవీఎస్ బండి వడ్ల కుప్పను తప్పించబోయి రోడ్డు మధ్యకు వచ్చింది. స్వర్ణలత బ్రేకు మీద నిలబడ్డంత పని చేసింది. కారు ఆగింది గానీ ఒక్క గజం ఆలస్యంగా ఆగింది. బంపర్ పటుక్కుమంది. బండి మీది ముసలాయన ఒక పక్కకు, వెనక కూర్చున్న ముసలామె వడ్ల మీదికి పడిపోయారు.

స్వర్ణలత దిగి పరుగెత్తింది.

"అవ్వా! అవ్వా, ఏమయింది?"

"చెయ్యి బిడ్డా... చెయ్యి లేస్తలేదు," అని మూలిగింది ముసలామె.

ఆమె పేరు ఇంద్రమ్మ, భర్త రాజమల్లు. కోరుట్ల బ్యాంకులో పెన్షన్ తీసుకుని ఊరికి తిరిగిపోతున్నారు. రాజమల్లుకు మోకాలు మాత్రం గీరుకుపోయింది. జనం పోగయ్యారు. ఒకాయన కారు నంబరు ఫొటో తీశాడు. "ఇన్సూరెన్స్ ఉన్నదా లేదా?" అని ఇంకొకాయన గద్దించాడు. స్వర్ణలత కార్లోని కాగితాల కోసం చెయ్యి పెట్టబోయి ఆగింది. ఉంది, ఈ రాత్రి దాకా ఉంది. కానీ దాని మీద ఉన్న పేరు దినేశ్‌ది. వీళ్ళ ప్రాణం మీదికి వచ్చి ఉంటే, పోలీసులు, కోర్టు కాగితాలు అంటూ మరిది గడప దాకా పోయేది ఆ తగాదా. 'అవతలి మనిషికి ఏమన్న అయితే ఇల్లమ్మినా తీరదు' అన్న మైసయ్య మాట అప్పుడు పూర్తిగా వినపడింది.

టీవీఎస్ బండిని వడ్ల కాడి రైతులకు అప్పజెప్పి, ఇద్దరినీ కార్లో కూర్చోబెట్టుకుని కోరుట్లలో ఒక దవాఖానకు తీసుకుపోయింది. ఎక్స్‌రే తీశారు. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది, పట్టీ వేస్తే నెలలో అతుకుతుంది, భయం లేదు అన్నాడు డాక్టరు. స్వర్ణలత గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. చెయ్యి గనుక చెయ్యితో పోయింది. అదే తల అయి ఉంటే?

బెంచీ మీద పట్టుమని పది నిమిషాలు కూర్చుందో లేదో, గేటు ముందు ఒక ఆటో ఆగింది. కల్యాణి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. తెలిసినవాళ్ళెవరో, మీ ఎర్ర కారు బంపర్ విరిగి దవాఖాన ముందర ఉన్నదని ఫోన్ చేశారట.

"అక్కా! నీకేం కాలేదు గదా? ఏదీ, చెయ్యి చూపియ్యి. తల తాకిందా?"

స్వర్ణలతకు ఆ క్షణంలో ఏడుపు రావలసింది. కోపం వచ్చింది. పొద్దుటి నుంచి కూర్చుకున్న మాటలన్నీ ఒక్కసారే నోటికొచ్చాయి.

"నాకేం కాలే. నీ కారు బంపరే పలిగింది. బాగు చేయించి ఇస్త, రంది పడకు."

"నా కారేంది అక్కా? నువ్వు కొనుక్కున్నవ్ గదా."

"కొన్నననే సంగతి నీకన్న యాదికున్నది, సంతోషం. అవ్వను అడుగు, వాడకట్టోళ్ళను అడుగు. అందరికి నువ్విచ్చిందే. నేను నీ దయ మీద తిరుగుతున్న. ఇగో తాళంచెవి. ఇయ్యాల గిది నీకిచ్చి పోదామనే బయలెల్లిన."

కల్యాణి చేయి చాచలేదు. తాళంచెవి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద పడింది.

"ఏమైంది అక్కా? నేనేం జేసిన?"

"బోనస్ గూడ మీరే పట్టుకపోయిండ్రు గదా! బండి నాకంటగట్టి, దాని బోనస్ మీ కొత్త కారుకు పెట్టుకున్నరు. ఇగ నాకేమో థర్డ్ పార్టీ చాలు!"

"ఏం బోనస్?" అంది కల్యాణి. నిజంగానే ఆమెకు తెలియదు. ఆ తెలియకపోవడం మొహం మీద అంత స్పష్టంగా కనపడేసరికి స్వర్ణలత ఇంకా రగిలిపోయింది.

"నీకెందుకు తెలుస్తది? నీకు అన్ని నడిచస్తయి. కొత్త కారు, కొత్త ఇల్లు, అవ్వ ముద్దు. నువ్వు కారు పైన అద్దం తీసుకుని ఫొటోలు దిగు. నేను వెనక సీట్ల లంగాలేసుకుని ఊరూరు తిరుగుత."

ఎప్పుడూ మెత్తగా ఉండే కల్యాణి గొంతు ఈసారి గట్టిగా పలికింది.

"అయిపోయిందా? ఇగ నా మాట ఇను. పదో తరగతి దాక నేను తొడుక్కున్న ప్రతి గౌను నువ్వు తొడిగి విడిచింది. నీ పుస్తకాలు, నీ చెప్పులు, నీ స్వెట్టర్. బతుకమ్మకు నీకు కొత్త లంగాఓణీ, నాకు నీ పోయిన ఏడాదిది. అందరు 'గిది స్వర్ణ గౌను గదా' అనేటోళ్ళు. నేను ఒక్కనాడన్నా నీ మొహం మీద ఇసిరి కొట్టిన్నా?"

ఆ సంగతి స్వర్ణలత జన్మలో ఒక్కసారి కూడా తలచుకోలేదు.

"నాకు అన్ని నడిచస్తయా? నిజమే, నడిచే అస్తయి. నేను నడిపేది ఏదీ లేదు." కల్యాణి కళ్ళు నిండాయి. "గా ఎర్ర కారు మీద నేను డ్రైవింగ్ నేర్చుకుందామనుకున్న అక్కా. రెండో నాడే గేటుకు తాకిచ్చిన. దుకాణంల పనోళ్ళ ముందర ఆయన నవ్విండు. 'నీకెందుకే, కూసో' అన్నడు. అప్పటి నుంచి కూసునే ఉన్న. తెల్ల కారు అచ్చి పది నెలలాయె, స్టీరింగ్ ముట్టలే. ఆయన తీస్కపోతే పోవుడు, లేకుంటే ఆటో. ఇప్పుడు గూడ ఆటోలనే అచ్చిన, చూడు."

"మరి ఫొటోలు..."

"ఫొటోలు దిగక ఏం జేయాలె? నువ్వు సరుకేసుకుని మా దుకాణం ముందు నుంచి పోతుంటే, దర్జాగ కూసుని నడుపుతున్న రాణిలెక్క కనపడ్తవ్. ఆపవు. హారన్ గూడ కొట్టవు. మా పక్క దుకాణపామె 'మీ అక్క ఎంత ధైర్నం గలదే' అంటది. అవునని నవ్వుత. లోపట ఎంత మండుతదో నాకే ఎరుక. షోరూమోడు తర్వాత ధర పెంచి ఇస్తమన్నా, నీకే ఇయ్యాలని ఆయనతోని మూడు దినాలు కొట్లాడిన. నేను నడపని బండిని నువ్వన్నా నడుపుతవని. ఇచ్చి మళ్ళ నేనే కుళ్ళుకున్న."

వరండాలో మందుల చీటీలు పట్టుకున్నవాళ్ళు కూడా నడక ఆపి చూస్తున్నారు. స్వర్ణలతకు తన ఒంటి మీది బట్ట ఎవరో లాగినట్టు సిగ్గేసింది. చెల్లెలి సుఖాన్ని ఇన్నాళ్ళు వేళ్ళతో పెద్దగా చేసి చూసింది. ఆ ఫొటోల్లో చెల్లెలు ఎప్పుడూ కారు పక్కనే నిలబడి ఉంటుందనీ, ఒక్కదాంట్లో కూడా స్టీరింగ్ ముందు కూర్చోలేదనీ ఇప్పుడు తట్టింది.

"కల్యాణీ..." అంది స్వర్ణలత. "మైసయ్యన్న చెప్పిండే, బోనస్ రూలే గంతని. నేను ఇనలే. ఇనబుద్ధి కాలే. నీ మీద తప్పు దొరికితే చాలని చూసిన."

ఇద్దరిలో ముందు ఎవరు కదిలారో తెలియదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి, పుట్టింటి నుంచి అత్తింటికి పోయే రోజు ఏడ్చినట్టు ఏడ్చారు.

బెంచీ మీద పట్టీ కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఇదంతా చూస్తున్న ఇంద్రమ్మ గొంతు సవరించుకుంది. "ఏడ్చుడు అయినంక మమ్ముల జర ఇంటికాడ దింపుండ్రి బిడ్డా. బర్రెకు నీళ్ళు పెట్టలే."

కన్నీళ్ళలోనే ఇద్దరికీ నవ్వొచ్చింది. రాజమల్లు వచ్చి, "తప్పు నాది గూడ ఉన్నది బిడ్డా, వడ్లు తప్పించబోయి నీ మీదికే అచ్చిన. కేసు గీసు మాకద్దు," అన్నాడు. స్వర్ణలత అతని చేతులు పట్టుకుంది. నెల తర్వాత పట్టీ విప్పేటప్పుడు తనే వచ్చి తీసుకుపోతానని మాటిచ్చింది.

తర్వాత వాకిట్లో నిలబడి మైసయ్యకు ఫోన్ చేసింది. జరిగింది విని అతను మొదట తిట్టాడు. "పెద్ద దెబ్బయితే పోలీసోళ్ళకు చెప్పకుండ లోపల్లోపల సర్దుకోవద్దు, గది యాది పెట్టుకో. మనిషి బాగున్నదా? అది చెప్పు ముందుగాల."

"బాగున్నదన్నా. ఇప్పుడే రాసెయ్యి. నీ మూడు రాయి. థర్డ్ పార్టీ, నాకు ప్రమాదానిది, పక్కన కూసునేటోళ్ళది. అన్ని నా పేరు మీద."

"బంపర్ టు బంపర్ వద్దా?"

"బంపర్ పోయిందన్నా. మెకానిక్ షెడ్డుల ఏయించుకుంట. మనుషులకు రాయి."

పదిహేను నిమిషాల్లో ఫోన్‌కు కాగితం వచ్చింది. అప్పటికి దినేశ్ తెల్ల కార్లో దిగాడు. దారిలోనే విషయం విన్నట్టున్నాడు. "వదినె, మీకేం కాలేదు గదా? పేరు మార్పుకు సంతకం కావాల్నంటే నేనే సిరిసిల్లకు అచ్చి పెడుదును," అన్నాడు. స్వర్ణలత తల దించుకుని, "అడిగేది నేనే మరిదీ, అడగలే. బుద్ధి తక్కువై," అంది.

దినేశ్ ముసలివాళ్ళిద్దరినీ తన కార్లో ఎక్కించుకున్నాడు. కల్యాణి ఎక్కలేదు. నేల మీది తాళంచెవి తీసి, దుమ్ము తుడిచి అక్క చేతిలో పెట్టి, భర్త వైపు తిరిగింది.

"నేను డ్రైవింగ్ నేర్చుకుంట. ఇయ్యాలనే చెప్తున్న."

"కొత్త కారు మీదనా?" దినేశ్ గుండె జారినట్టు చూశాడు.

"నీ కారెవలకు గావాలె? అక్క దాని మీద నేర్చుకుంట."

ఆమె అక్కడికక్కడే డ్రైవరు సీటు వైపు నడుస్తుంటే స్వర్ణలత రెక్క పట్టి ఆపింది. "ఆగవే! లైసెన్స్ లేకుండ నడిపి ఏమన్న అయితే, కంపెనీ కట్టినా మళ్ళ మన దగ్గర్నే వసూలు చేస్తదట. ముందుగాల ఎల్ఎల్ఆర్ తీస్కో. ఎల్ బోర్డు పెట్టినంక పక్కన నేను కూసుంట."

పన్నెండు రోజుల తర్వాత, జగిత్యాల ఆర్టీఓ ఆఫీసులో కల్యాణికి ఎల్ఎల్ఆర్ పరీక్ష పడింది. సరుకు వేయడం వారానికి వాయిదా వేసి మరీ స్వర్ణలత వెంట వచ్చింది. రోడ్డు గుర్తుల పుస్తకం తెరిచి దారిపొడుగునా చెల్లెల్ని ప్రశ్నలడిగింది. లోపల కంప్యూటర్ ముందు కల్యాణి కూర్చుంటే, బయట చెట్టు కింద తనకే పరీక్ష అయినట్టు చీరకొంగు మెలిపెట్టుకుంటూ నిలబడింది.

కల్యాణి కాగితం ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "అక్కా, పాసయిన! ఇరవైకి పద్దెనిమిది!"

స్వర్ణలత గుండె పొంగింది. మరుక్షణంలో లోపల ఎక్కడో చిన్నగా, సూది మొనంత మంట గుచ్చుకుంది. తనకు ఆనాడు వచ్చింది పదమూడే. ఒకప్పుడైతే ఆ మంటను నవ్వు కింద దాచుకుని ఇంటికి తీసుకుపోయేది, నెలల తరబడి దానికి నూనె పోసేది.

"నాకు పదమూడే అచ్చినయే," అంది పైకే. "నీకు పద్దెనిమిది అనంగనే నాకు జర కుళ్ళు పుట్టింది. చెప్పేస్తున్న."

కల్యాణి పకపకా నవ్వి, అక్క నడుము చుట్టూ చేయి వేసింది.

"పుట్టనియ్యి. చెప్పినవ్ గదా, ఇగ పోతది. పా, ఆకలైతుంది."

స్వర్ణలత కళ్ళొత్తుకుని, చెల్లెలి చేయి పట్టుకుని, వచ్చీపోయే బండ్లను రెండు పక్కలా చూసుకుంటూ రోడ్డు దాటించింది.